సీటు మీద తువ్వాలు

నా పేరు నలాక్సోన్. గాజు బుడ్డిలో ఒక్క మిల్లీలీటరు ద్రవం, అందులో 400 మైక్రోగ్రాముల మందు. అంతే నా ఆస్తి. ఆపరేషనయ్యాక రోగులకు తెలివొచ్చేదాకా ఉంచే గదిలో, ఎమర్జెన్సీ ట్రేలో నా కాపురం. పక్కనే అట్రోపిన్ ఉంటుంది. దానికి క్షణం తీరిక ఉండదు. పురుగుల మందు తాగిన వాళ్లను మోసుకొచ్చినప్పుడల్లా క్యాజువాలిటీ వాళ్లు పెట్టెలకు పెట్టెలు పట్టుకుపోతారు. నన్ను మాత్రం సిస్టర్ అప్పుడప్పుడూ చేతిలోకి తీసుకుని, ఎక్స్‌పైరీ చూసి, మళ్లీ పెట్టేస్తుంది. మాలో చాలామంది గడువు తీరి ఊరికే పోతారు. పోనీ, అదే మంచిది.

నాదీ గసగసాల వంశమే. ఆ కాయల పాలు గడ్డకట్టి నల్లమందవుతుంది. అందులో మార్ఫిన్ ఉంటుంది, థీబైన్ ఉంటుంది. మార్ఫిన్ నొప్పి తీర్చి పేరు తెచ్చుకుంది. థీబైన్‌ను మార్చి మార్చి నన్ను తయారుచేశారు. 1961లో న్యూయార్క్‌లో జాక్ ఫిష్‌మన్, మోజెస్ లెవెన్‌స్టైన్ నా మీద పేటెంటుకు దరఖాస్తు పెట్టుకున్నారు. అమెరికాలో వాడుకకు అనుమతి 1971లో వచ్చింది. మార్ఫిన్ బంధువు ఆక్సిమార్ఫోన్‌కూ నాకూ తేడా ఒక్కటే. నత్రజనికి అంటుకున్న చిన్న తోక.

ఆ తోక చేసే పని చూడండి. మెదడు కణాల మీద మార్ఫిన్ కూర్చునే చోట్లున్నాయి, రిసెప్టర్లంటారు. అక్కడ మార్ఫిన్ కూర్చుంటే నొప్పి తగ్గుతుంది, మగత కమ్ముతుంది, మోతాదు మించితే ఊపిరే మందగిస్తుంది. అక్కడే నేను కూర్చుంటే ఏమీ జరగదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద వేసిన తువ్వాలు లాంటిదాన్ని నేను. తువ్వాలు ప్రయాణం చెయ్యదు, ఇంకొకరిని కూర్చోనివ్వదు. పైగా నేను మార్ఫిన్‌ను లేపేసి మరీ కూర్చుంటాను. 1973లో జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో కాండేస్ పెర్ట్, సాలమన్ స్నైడర్ ఈ రిసెప్టర్లు ఉన్నాయని తేల్చింది కూడా, నాకు రేడియోధార్మిక గుర్తు తగిలించి నేనెక్కడ అతుక్కుంటున్నానో చూసే. ఈ సంగతి గొప్పగా చెప్పుకుందామంటే ట్రేలో వినేవాళ్లెవరూ లేరు.

ఒక మధ్యాహ్నం నా వంతు వచ్చింది. తుంటి ఎముక విరిగి ఆపరేషనైన పెద్దాయన. నొప్పికి మార్ఫిన్ పడింది. ఆయన కిడ్నీలు అంతంతమాత్రం, మందు ఒంట్లోంచి తొందరగా పోలేదు. సిస్టర్ ఆయన ఛాతీ మీద చెయ్యి వేసి గడియారం చూసింది. నిమిషానికి ఆరుసార్లే లేస్తోంది. రెప్ప ఎత్తితే కంటిపాప సూదిమొనంత ఉంది.

“మేడమ్, పిలిస్తే పలకట్లేదు.”

మత్తు డాక్టరమ్మ ముందు ముఖానికి మాస్కు ఆనించి, సంచి నొక్కుతూ ఆక్సిజన్ అందించింది. “నలాక్సోన్ తియ్యమ్మా.” టక్కున నా మెడ విరిగింది. పెద్ద సిరంజిలోకి లాగి, తొమ్మిది మిల్లీలీటర్ల సెలైన్ కలిపారు. ఇప్పుడు మిల్లీలీటరుకు 40 మైక్రోగ్రాములు. “ఒక్కటే ఇవ్వు. ఆగు.” రెండు నిమిషాలు చూశారు. ఇంకొకటి. ఛాతీ నిండుగా లేచింది. పెద్దాయన కళ్లు తెరిచి, “అమ్మాయేదీ?” అన్నాడు. మిగిలిన నన్ను సిరంజిలోనే ఉంచి, లేబుల్ అంటించి, మంచం పక్కన పెట్టారు.

నన్నంతా ఒక్కసారే ఎక్కించకపోవడంలోనే ఉంది ఆ డాక్టరమ్మ పనితనం. ఎక్కిస్తే మార్ఫిన్‌తో పాటు అది ఇచ్చిన సుఖమూ పోతుంది, కోసిన చోటు భగ్గుమంటుంది. బీపీ ఎగబాకుతుంది, అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. హెరాయిన్‌కు అలవాటుపడ్డ మనిషైతే వాంతులతో, వణుకుతో, నన్ను తిట్టుకుంటూ లేస్తాడు.

కాసేపటికి కూతురొచ్చింది. “నాన్న బాగానే మాట్లాడుతున్నాడు మేడమ్, వార్డుకు తీసుకెళ్లొచ్చా?”

“అప్పుడే కాదమ్మా. ఈ మందు గంటలో దిగిపోతుంది. మార్ఫిన్ అంత తొందరగా పోదు.”

అన్నట్టే పెద్దాయన మళ్లీ జోగాడు. సిరంజిలోంచి ఇంకో మిల్లీలీటరు వెళ్లింది.

గంటసేపే నిలిచే నాకు, రోజంతా సీటు వదలని తమ్ముడొకడున్నాడు. నాల్ట్రెక్సోన్, 50 మిల్లీగ్రాముల మాత్ర. మద్యం తాగితే వచ్చే హుషారులో ఒంట్లోనే ఊరే ఎండార్ఫిన్లకూ వాటా ఉంది. వాటికి సీటు దొరక్కపోతే తాగుడు మీద యావ తగ్గుతుంది. అమెరికాలో 1994లో వాడికి ఈ పనికి అనుమతి దొరికింది. తాగుడు మాన్పించడానికే ఇంకో మాత్ర ఉంది, డైసల్ఫిరామ్; మన దగ్గర దాన్ని మొగుడికి తెలియకుండా కూరలో కలిపే ఇల్లాళ్లున్నారు. వాళ్ల కష్టం అర్థమవుతుంది, కానీ అది కడుపులో ఉండగా తాగితే వాంతులు పట్టుకుంటాయి, ప్రాణం మీదికీ రావచ్చు. మా తమ్ముడు అలా వాంతులు చేయించే రకం కాదు. అయినా వాణ్నీ చాటుగా పెట్టకూడదు. నొప్పికని మార్ఫిన్ బాపతు ట్రామడాల్ మింగుతున్న మనిషికి ఈ మాత్ర పడితే ఆ వాంతులూ వణుకూ, అంటే విత్‌డ్రాయల్, మొదలవుతాయి. వారం, పది రోజులు అలాంటి మందులేవీ ఒంట్లో లేకుండా చూసుకుని, లివర్ పరీక్ష చేయించి మొదలుపెట్టాలి.

నాల్ట్రెక్సోన్ వేసుకుంటున్నవాళ్లు ఆపరేషనంటే డాక్టరుకు ముందే చెప్పండి, లేదంటే మార్ఫిన్ పనిచెయ్యదు. క్యాన్సర్ నొప్పికి ఇంట్లో ఎవరైనా మార్ఫిన్ వాడుతుంటే నా కథ విని మానిపించకండి, చెప్పిన మోతాదు చెప్పిన వేళకు ఇవ్వండి. ఎంత లేపినా లేవకుండా, ఆగి ఆగి ఊపిరి తీస్తుంటే మాత్రం 108కి ఫోన్ చెయ్యండి. నన్ను ఎక్కించాక మనిషి లేచి కూర్చుని కబుర్లు చెప్పినా సరే, డాక్టరు పొమ్మనేదాకా ఇంటికి తీసుకెళ్లకండి.