మంగు పూత

నేను 15 గ్రాముల ట్యూబుని. నాలో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టీరాయిడ్ ఉన్నాయి. మా వంశకర్త క్లిగ్‌మన్ అనే అమెరికా చర్మవైద్యుడు; ఇలాంటి ముగ్గుర్ని 1975లో ఆయనే ఒకచోట చేర్చాడు. చీటీ మీదే అమ్మాల్సిన సరుకుని. 2018లో కేంద్రం స్టీరాయిడ్ పూతల్ని షెడ్యూల్ హెచ్‌లో బిగించింది కూడా. అయినా బరంపురంలో ఓ మందుల కొట్టువాడు నన్ను సబ్బుబిళ్లలా తీసిచ్చేశాడు.

చేరింది దేశిబెహరా వీధి దగ్గర, పట్టు నేసేవాళ్లింటికి. పురిటికొచ్చి బిడ్డని కన్న అమ్మాయికి బుగ్గల నిండా మంగు. కాన్పయ్యాక నెలల్లో చాలామందికి అదే పలచబడుతుంది. కానీ రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి జాతర దగ్గరపడింది, ఆమెకు తొందర.

రాసుకోబోతుంటే వాళ్లమ్మ పట్టేసింది: "ఏటే ఆ పూత? సంటిది నీ సెంప నాకేస్తాది కదే!"

ఆవిడ చదువుకోలేదు గాని, అసలు సంగతి పట్టుకుంది. చర్మానికి రాసింది రక్తంలోకి, అక్కణ్ణించి పాలలోకి చేరేది మామూలుగా బహు కొద్ది. నాలోని ట్రెటినాయిన్ ఆ బాపతే. హైడ్రోక్వినోన్ మాత్రం మూడోవంతుకు పైగా ఒంట్లోకి ఇంకిపోతుంది; పాలిచ్చే తల్లికి వద్దనేది అందుకే. అయితే పాలకంటే దగ్గరి దారి తల్లి చెంప నుంచి బిడ్డ నోటికి. ఇక రొమ్ము మీదే రాస్తే చెప్పాలా?

అమ్మగారు పసుపుకొమ్ము తీసింది. కంధమాల్ పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపొచ్చిందని దాని గర్వం దానిది. కొమ్ము నూరుకుంటే సరే. విడిగా అమ్మే మరీ మెరిసే పొడిలో లెడ్ క్రోమేట్ కలిపేవాళ్లున్నారు. సీసం పాలలోకీ వస్తుంది. ఈర్ష్యతో అంటున్నాననుకోండి, అన్నది నిజం.

నాకంటే భయపడాల్సినవి పేరూ ఊరూ లేని తెల్లబరిచే డబ్బీలు. పాదరసం ఒక పీపీఎం దాటకూడదని మినమాటా ఒప్పందం మొదట్లో గీత గీస్తే, కొన్నింటిలో వేలల్లో బయటపడింది. అది రాసుకున్న ఒంటితో ఆగదు. తువ్వాళ్లకి, దిండుగలీబులకి అంటుకుని పిల్లల దాకా పోతుంది.

మర్నాడు నన్ను ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లారు. డాక్టరమ్మ జింక్ ఆక్సైడ్ సన్‌స్క్రీన్ రాసి, ఎండలో గొడుగు వేసుకోమంది. మచ్చ మరీ బాధపెడితే అజెలాయిక్ యాసిడ్ వాడొచ్చట. గోధుమల్లోనూ ఉండేదే అది. రొమ్ముకి తగలనివ్వద్దని, బిడ్డనెత్తుకునే ముందు చేతులు కడుక్కోమని చెప్పింది. నన్ను అటూ ఇటూ తిప్పి చదివి, "ఇది పాలు మాన్పించాక, అదీ నన్నడిగాకే" అంది.

అప్పటికి నా గడువుతేదీ దాటిపోతుందేమో. ఆ మాటే ఎత్తదేం ఈవిడ!