వెలుగు మోసే తీగను

నరసరావుపేట నుంచి కోటప్పకొండ వైపు వెళ్లేటప్పుడు కరెంటు స్తంభాలను ఒకసారి తలెత్తి చూడండి. పైన కరెంటు తీగలుంటాయి. వాటికి కొంచెం కిందుగా, వేలెడు లావు కూడా లేని నల్లటి తీగ ఒకటి స్తంభం నుంచి స్తంభానికి సాగిపోతుంటుంది. అది నేనే. కొందరు నన్ను నెట్టు వైరంటారు, కొందరు ఫైబర్ అంటారు. పేరు తెలియనివాళ్లు ‘ఆ నల్ల తీగ’ అంటారు. నాలో కరెంటు పారదు, ముట్టుకుంటే షాకు కొట్టను. నా లోపల నడిచేది వెలుగు.

నా పుట్టుక గురించి రెండు ముక్కల్లో చెప్తాను. బాగా శుద్ధి చేసిన సిలికా గాజును కొలిమి వేడికి మెత్తబరిచి, వెంట్రుకంత సన్నని పోగులుగా సాగదీశారు. ఆ పోగులకు రంగులు పూసి గొట్టంలో ఇమిడ్చి, పైన నల్లటి తొడుగు వేశారు. ఒక కొసన చిన్న లేజరు మిణుకుమంటే చాలు, ఆ వెలుగు పక్కలకు జారిపోకుండా గాజులోనే మలుపులు తిరుగుతూ అవతలి కొస చేరుతుంది. మీ పిల్లల పాఠాలూ పంచాయతీ పద్దులూ దూరదేశంలో ఉన్న కొడుకు గొంతూ అన్నీ ఆ మిణుకుల్లోనే ఉంటాయి. నన్ను పెద్ద చక్రానికి చుట్టి లారీ ఎక్కించారు. లారీ దిగాకే నా బతుకు మొదలైంది.

మా వంశానికి ఒక చరిత్ర ఉంది. దేశంలోని సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు గాజు తీగ చేర్చాలని కేంద్ర ప్రభుత్వం 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకాన్ని ఆమోదించింది. తర్వాత దాని పేరు భారత్‌నెట్ అయింది. ముందుగా మూడు చోట్ల పరీక్షించి చూశారు. రాజస్థాన్‌లో అజ్మీర్ జిల్లాలోని ఒక బ్లాకు, త్రిపురలో పానిసాగర్, మూడోది మన విశాఖ దగ్గరి పరవాడ. పెట్టుకున్న గడువులోగా పని పూర్తి కాలేదు. భూమిలో తీగ వేయాలంటే రోడ్ల శాఖను అడగాలి, రైల్వేను అడగాలి, అడవి శాఖను అడగాలి, మునిసిపాలిటీని, పంచాయతీని అడగాలి. అనుమతి వచ్చినా మాచర్ల, గురజాల వైపు కాస్త తవ్వేసరికి నాపరాయి తగులుతుంది.

మన రాష్ట్రం మరో దారి ఎంచుకుంది. ఊరూరా కరెంటు స్తంభాలు ఎలాగూ ఉన్నాయి కదా, వాటికే తీగ కడదామనుకున్నారు. 2015లో ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ ఏర్పడింది. తొలి దశ అంచనా 333 కోట్ల రూపాయలు. దాదాపు 24,000 కిలోమీటర్ల తీగ స్తంభాలెక్కింది. 2017 డిసెంబరు 27న వెలగపూడి సచివాలయంలో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దాన్ని ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్టు, టీవీ, ఫోను మూడూ ఇస్తామన్నారు. పల్నాడు అప్పటికింకా గుంటూరు జిల్లాలో భాగమే. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది.

నన్ను కట్టిన ఊరి పేరు చెప్పను. మహాశివరాత్రికి జరిగే కోటప్పకొండ తిరునాళ్లకు ఎత్తైన వెదురు ప్రభ కట్టే ఊరని మాత్రం చెప్తాను. నా కొసను పంచాయతీ ఆఫీసులోకి తీసుకెళ్లి ఒక పెట్టెకు కలిపారు. పెట్టె మీద పచ్చ దీపం వెలిగింది. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన, ‘‘ఒరేయ్ అబ్బాయా, ఇందులోంచి ఏం వస్తదిరా?’’ అని మనవణ్ని అడిగాడు. ‘‘ఏది కావాలంటే అది వస్తది తాతా’’ అన్నాడు వాడు. ఆ మాట నిలబెట్టాలని నాకు ఎంత ఆశ పుట్టిందో!

కొన్నాళ్లు నిలబెట్టాను కూడా. 2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డప్పుడు, ఇంట్లో నెట్టు లేని పిల్లలు పంచాయతీ అరుగు మీదికి చేరేవాళ్లు. ఒక ఫోను చుట్టూ ముగ్గురు నలుగురు తలలు ఆనించుకుని లెక్కలు నేర్చుకున్నారు. ఆ ఏడాదే ఏప్రిల్ 24న ఈ-గ్రామ్ స్వరాజ్ మొదలైంది. ఊరికి వేసుకున్న ప్రణాళిక, పెట్టిన ఖర్చు ఎవరైనా చూసుకునేలా కంప్యూటరులో ఎక్కించాలి. ఆ పద్దులు నా మీదుగానే వెళ్లాయి. గుంటూరు యార్డులో మిరపకాయల ధర ఎంత పలికిందో చూసుకున్నాకే మిరప బస్తాలు లారీకెక్కించిన రైతులున్నారు. దళారి చెప్పిన ధరను నమ్మక తప్పని రోజులు వాళ్లకు కొంతైనా తగ్గాయి. ఊరికి పనికొచ్చాననే గర్వం నాకు ఇప్పటికీ ఉంది.

తర్వాత నా కష్టాలు మొదలయ్యాయి. ముందు నా పెట్టెకున్న ప్లగ్గు పీకి ఫ్యానుకు పెట్టారు. ఎండాకాలం కదా, ఉక్కపోతకు తీశారు, మళ్లీ పెడతారులే అనుకున్నాను. పెట్టలేదు. బీరువా జరిపినప్పుడు పెట్టె దాని వెనక్కి పోయింది. కొన్నాళ్లకు ఆ గదికి తాళం పడింది. పచ్చ దీపం ఆరిపోయిందని ఎవరికీ తెలియలేదు. ‘‘నెట్టు రావట్లేదు’’ అన్నారే తప్ప ఎందుకు రావట్లేదో చూసినవాళ్లు లేరు.

ఒక రాత్రి ఎవరో స్తంభమెక్కి నన్ను రెండు బారలు కోశారు. రాగి దొరుకుతుందనుకున్నారు. చీల్చి చూస్తే గాజు పోగులే కనిపించాయి. అక్కడే ముళ్లకంపలో విసిరేసి పోయారు. నాలో అమ్ముకోదగ్గ లోహం ఏమీ లేదు. నా విలువంతా తెగకుండా ఉండడంలోనే ఉంది. ఆ తెగిన చోటు అతికించాక, బోద ఎత్తుగా వేసుకుని వస్తున్న ట్రాక్టరు ఒకటి నన్ను లాక్కుపోయింది. ఆపి చూసే ఓపిక ఎవరికీ లేకపోయింది.

అన్నిటికన్నా బాధపెట్టింది మహాశివరాత్రి తర్వాత జరిగింది. ప్రభల మీద నాకు ఏ కోపమూ లేదు. ఎనభై, తొంభై అడుగుల విద్యుత్ ప్రభ దీపాలతో కదిలి వస్తుంటే దాన్ని చూడడానికి ఊరితో పాటు నేనూ ఎదురుచూసేదాన్ని. అది సాగాలంటే దారిలో తీగలు దించక తప్పదు. కరెంటు తీగలు దించారు, నన్నూ దించారు. త్రికోటేశ్వరుడి సేవ ముగిసింది, ప్రభలు వెనక్కొచ్చాయి. కరెంటు తీగలను మళ్లీ పైకి కట్టి బిగించారు. నన్ను మాత్రం కట్టలేదు. కాలవగట్టున చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాను. మేకలు తొక్కాయి, బండి చక్రాలు ఎక్కాయి, వానకు బురద కప్పింది. ఆడవాళ్లు నా మీద బట్టలారేశారు. వాళ్లనేం తప్పుపట్టగలను? నేనెవరినో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. లోపల పోగు విరిగిపోతే పైకి కనిపించదు. తొడుగు నిక్షేపంగా ఉంటుంది, వెలుగు మాత్రం దాటదు.

ఆ రోజుల్లోనే ఉపాధి హామీ పనికి వచ్చేవాళ్లు మస్టరు కోసం తిప్పలు పడడం చూశాను. 2023 జనవరి నుంచి హాజరు ఫోటోలు యాప్‌లో ఎక్కించడం తప్పనిసరైంది. సిగ్నలు కోసం మేటు ఫోను పట్టుకుని గట్లెక్కుతుంటే, చేయని నేరానికి తల దించుకున్నట్టు నేను ఆ గట్టు కిందే పడి ఉన్నాను.

అక్కడ పడి ఉండి ఒకటే ఆలోచించాను, నేను ఎవరి దాన్నని. కేంద్రం నన్ను తలపెట్టింది, రాష్ట్రం నన్ను కట్టింది. రాజ్యాంగంలో టెలిఫోను, తంతి కేంద్ర జాబితాలో ఉన్నాయి. కాబట్టి నేను తమదాన్ని కాదని పంచాయతీ అనుకుంది. అదే రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలు అప్పగించింది. రోడ్లు, వంతెనలు, రాకపోకల సాధనాలు, గ్రామ విద్యుత్తు, గ్రంథాలయాలు అందులో ఉన్నాయి. చదువూ ఉంది, పేదరిక నిర్మూలనా ఉంది. వీటిలో నా సాయం అక్కర్లేనిది ఏది? స్తంభం దాకా నన్ను తేవడానికి ఢిల్లీ, అమరావతి చాలు. స్తంభం నుంచి గడప దాకా రావాలంటే ఊరే పూనుకోవాలి.

పూనుకున్న ఊళ్లు లోకంలో ఉన్నాయి. స్వీడన్‌లో స్టాక్‌హోమ్ నగరం 1994లో సొంత సంస్థ పెట్టి వీధుల కింద ఫైబర్ వేయించింది. దాన్ని ఏ కంపెనీ అడిగినా ఒకే తీరుగా అద్దెకిచ్చింది. అమెరికాలోని చాటనూగాలో పట్టణానికి చెందిన కరెంటు సంస్థే 2010లో తన పరిధిలోని ఇళ్లన్నిటికీ సెకనుకు ఒక గిగాబిట్ వేగం అందుబాటులోకి తెచ్చింది. పక్కనున్న కేరళలో 2023 జూన్ 5న ప్రారంభమైన కె-ఫోన్‌లో, మొదటి విడతగా ఒక్కో నియోజకవర్గంలో 100 పేద ఇళ్లకు ఉచిత కనెక్షన్లు తలపెట్టారు. ఆ ఇళ్ల జాబితా ఇచ్చే బాధ్యత స్థానిక సంస్థలది. ఏ వీధిలో ఎవరికి ఏ అవసరం ఉందో వాటికన్నా తెలిసినవాళ్లెవరు?

మన పంచాయతీలను కోట్లు పెట్టమని నేను అడగడం లేదు. పెట్టెకు ఒక గది, తీయని ప్లగ్గు, కరెంటు పోతే నిలబెట్టే బ్యాటరీ చూడండి. తీగ తెగితే ఫలానా అతనికి చెప్పాలని గోడ మీద రాయించండి. అతికే మిషను పట్టడం ఊళ్లో ఒక అబ్బాయికో అమ్మాయికో నేర్పిస్తే వాళ్లకు ఉపాధి దొరుకుతుంది, నాకు ప్రాణం నిలుస్తుంది. 2016 నాటి మార్గహక్కు నిబంధనలు తీగ వేసుకునే అర్జీని 60 రోజుల్లో తేల్చాలన్నాయి. 2025 జనవరి నుంచి వాటి స్థానంలో కొత్త నిబంధనలు వచ్చాయి. అర్జీని మూల పడేయకుండా చూడడం మీ చేతిలో పని. డ్రెయినుకో పైపుకో జేసీబీ పెట్టే ముందు కింద ఎవరి తీగ ఉందో తెలుసుకోవడానికి 2023 మార్చిలో కేంద్రం ఒక యాప్ కూడా తెచ్చింది. దాన్ని వాడితే భూమిలో ఉన్న నా అక్కచెల్లెళ్లు బతుకుతారు.

నన్ను మళ్లీ పైకి ఎత్తింది ఒక వార్డు సభ్యురాలి పట్టుదల. గ్రామసభలో లేచి నిలబడి, ‘‘ప్రభ పోవడానికి దించాం బాగానే ఉంది, మళ్లీ కట్టొద్దా సర్పంచి గారూ? మా పిల్ల పరీక్ష దరఖాస్తుకు నరసరావుపేట దాకా ఆటోలో పోవాల్సి వస్తంది’’ అందామె. సభ కాసేపు మాట్లాడలేదు. సర్పంచి గారు ఆ మాటను మినిట్స్‌లో రాయించారు. తర్వాత కేబులు పని తెలిసిన కుర్రాడు నిచ్చెన వేసుకుని వచ్చాడు. ఎంత దూరంలో పోగు విరిగిందో మిషను పెట్టి కనిపెట్టి, అతికి, స్తంభానికి బిగించాడు. పెట్టెను బీరువా వెనకనుంచి తీసి తుడిచారు. పచ్చ దీపం వెలిగింది. అయినా ఊరి చివరి పేటకు నేనింకా చేరలేదు. అక్కడి పిల్లలు ఇప్పటికీ సాయంత్రం అరుగు మీదికి నడిచి వస్తున్నారు.

2023 ఆగస్టు 4న కేంద్రం సవరించిన భారత్‌నెట్‌కు 1,39,579 కోట్ల రూపాయలు ఆమోదించింది. ఒకవైపు తెగినా ఇంకోవైపు నుంచి వెలుగు వచ్చేలా ఈసారి తీగను వలయంగా వేస్తారు. కొత్త తీగలు వస్తాయి, సంతోషమే. కానీ పాతదానికి పట్టిన గతి వాటికీ పట్టకూడదు.

పల్నాటి ఊళ్లలో ఏటా చందాలు పోగేసి, వెదురు తెచ్చి, రాత్రింబగళ్లు కష్టపడి ప్రభ కడతారు. అంత ఐకమత్యమున్న చోట ఒక తీగను కాపాడుకోవడం కాని పని కాదు. గ్రామసభ ఏడాదికి కనీసం రెండుసార్లు జరగాలని చట్టం చెబుతోంది. ఈసారి జరిగినప్పుడు మీరు వెళ్లండి. రోడ్డు గురించి, నీళ్ల గురించి అడిగినట్టే నా గురించీ అడగండి. మన పంచాయతీ పెట్టె వెలుగుతోందా, ఏ వీధికి నెట్టు చేరలేదు, చేర్చే బాధ్యత ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు మినిట్స్‌లో రాయించే దాకా లేవకండి.