ఏడాది ఆగమంటే

మొన్న మా మనవరాలు కళ్లు తుడుచుకుంటూ వచ్చి "తాతయ్యా, బ్రేకప్ అయిపోయింది" అంది. ఎన్నాళ్ల ప్రేమమ్మా అంటే, నాలుగు నెలలట. అబ్బాయి మెసేజ్ చూశాడు, రెండు నీలం టిక్కులు పడ్డాయి, రాత్రంతా జవాబివ్వలేదు. తెల్లారేసరికి ఒకరినొకరు బ్లాక్ చేసుకున్నారు. నాకు కడుపు తరుక్కుపోయింది. ఒక్క రాత్రి ఆగలేనిదాన్ని ప్రేమంటారని ఎవరు చెప్పారు ఈ పిల్లలకి?

మా రోజుల్లో దాన్ని మోజు అనేవాళ్లం. మోజు తప్పని కాదు, ఆ వయసులో అందరికీ పుడుతుంది. కానీ దాన్ని పట్టుకుని పెళ్లిదాకా పరిగెత్తనిచ్చేవాళ్లు కాదు, తెల్లారగానే తెంచుకోనిచ్చేవాళ్లూ కాదు.

1978లో బాలచందర్ సినిమా ‘మరో చరిత్ర’ వచ్చింది. మా విశాఖలోనే తీశారని ఎగబడి చూశాం. తమిళబ్బాయి బాలు, తెలుగమ్మాయి స్వప్న. ఏడాదిపాటు కలుసుకోకుండా ఉండండి, ఆ తర్వాతా ఇదే మాట మీదుంటే పెళ్లి చేస్తామని పెద్దలు షరతు పెడతారు. హాల్లోంచి అందరూ ముగింపు తలుచుకుని ఏడుస్తూ వచ్చారు. నాకు మాత్రం ఆ ఏడాదే మనసులో నాటుకుంది. మధ్యలో బాలు అపార్థం చేసుకుని ఇంకొకరితో పెళ్లికి ఒప్పుకునేదాకా పోతాడు. మళ్లీ స్వప్న కోసమే తిరిగొస్తాడు. ఊగని మనిషి లేడు. ఊగినవాడు ఎక్కడికి తిరిగొచ్చాడో తెలియాలంటే గడువు కావాలి. ఇప్పుడు ఆ గడువు ఎవరిస్తున్నారు?

మా రోజుల్లో అంతా బంగారమని నేననను. ఒకే కప్పు కింద నలభై ఏళ్లున్నా ఒకరికొకరు పలకని దంపతుల్ని మా వీధిలోనే చూశాను. వాళ్లది ప్రేమని నాతో ఎవరూ అనిపించలేరు.

మా ఆవిడతో నాకు పెళ్లి నిశ్చయమయ్యాక కాజీపేటలో ఉద్యోగమొచ్చింది. వాళ్లక్క పెళ్లి కుదరక మా ముహూర్తం పద్నాలుగు నెలలు వెనక్కి పోయింది. అన్నాళ్లూ ఇన్‌లాండ్ ఉత్తరాలే. నేను రాసినవాటి నిండా వెన్నెలా విరహమూ. ఆవిడ రాసేది దొడ్లో బీరపాదు కాపుకొచ్చిందని, నాన్నకి దగ్గు తగ్గలేదని. మొదట్లో చిన్నబుచ్చుకున్నాను. ఓసారి మాటవరసకి పన్నునొప్పి అని ఒక ముక్క రాశాను. ఆ తర్వాత వరసగా మూడు ఉత్తరాల్లో, మడతపెట్టే అంచు మీద, సన్నటి అక్షరాలతో అదే ప్రశ్న: "పన్ను చూపించుకున్నారా?"

నా వెన్నెల ఉత్తరాలు ఇప్పుడు చదివితే ఎవరికి రాసినా సరిపోతాయి. ఆవిడవి నాకు తప్ప ఇంకెవరికీ సరిపోవు.

పోయిన నెల ఆవిడకి శుక్లం ఆపరేషన్ అయింది. రోజుకి నాలుగుసార్లు చుక్కలు నేనే వేస్తున్నాను. మనవరాల్ని కూర్చోబెట్టి ఆ ఉత్తరాలు చేతికిచ్చాను. చదువుతూ చదువుతూ మూడోదాని దగ్గర ఆగి అడిగింది, "ఇంతకీ చూపించుకున్నావా తాతయ్యా?"