చాలన్నా వడ్డిస్తాం

బెంగళూరు మారతహళ్లిలో మేం తినే ఆంధ్రా మెస్సు పేరు చెప్పను. చెబితే వచ్చే ఆదివారం నాకు కుర్చీ దొరకదు. అక్కడ వడ్డించే అన్నది శ్రీకాకుళం వైపు ఊరు. తెలుగు, కన్నడం, హిందీ మూడూ దంచేస్తాడు కానీ ఒక్క మాట మాత్రం ఆయనకి ఏ భాషలోనూ అర్థం కాదు: చాలు. ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ల సందుల్లోంచి పప్పు పోస్తాడు. రెండు చేతులూ పెడితే మణికట్టు మీద నెయ్యి వేస్తాడు. "తినే వయసు బాబూ, తినాల" అంటాడు. నాకు నలభై ఆరు దాటాయి. బీపీ బిళ్ల చొక్కా జేబులోనే ఉంటుంది.

2025 డిసెంబరు 28, ఆదివారం మధ్యాహ్నం, ఆ మెస్సులో మూలబల్ల దగ్గర విరాట్ కోహ్లీ టెస్టు క్రికెట్టుకు తిరిగి రావాలని ఏకగ్రీవంగా తీర్మానించబోయి, రసం దగ్గరికొచ్చేసరికి చీలిపోయాం. సభలో నలుగురం. గుంటూరు కుర్రాడు ఏదో కంపెనీలో టెస్టింగ్ చేస్తాడు కాబట్టి టెస్టుల గురించి మాట్లాడే హక్కు తనకే ఎక్కువంటాడు. కదిరి బావ ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లోనే ఉండి, కోపమొస్తే కన్నడంలోనూ లెక్కలొస్తే తెలుగులోనూ మాట్లాడతాడు. ప్రొద్దుటూరు బాబాయి 2001లో బ్యాంకులో వీఆర్ఎస్ తీసుకుని, ఇప్పుడు వైట్‌ఫీల్డులో కొడుకు దగ్గర ఉంటున్నాడు. నాలుగోవాణ్ణి నేను. ఐదోవాడు కోహ్లీ. అతన్ని పిలవలేదు. అతని అభిప్రాయం మాకు ముందే తెలుసు, అది మాకు నచ్చలేదు.

అతను చెప్పడంలో లోపమేం లేదు. 2025 మే 12న ఇన్‌స్టాగ్రాంలో టెస్టులకు సెలవన్నాడు. 123 టెస్టులు, 9,230 పరుగులు, 30 సెంచరీలు. నవంబరులో దక్షిణాఫ్రికా వచ్చి మనల్ని మన గడ్డ మీదే 2-0తో ఉతికి, గువాహటిలో 408 పరుగుల తేడాతో ఆరేసి పోయింది. వెంటనే 'కోహ్లీని మళ్లీ రమ్మంటున్నారట' అని పుకారు లేచింది. బోర్డు కార్యదర్శి దేవజిత్ సైకియా అలాంటిదేం లేదన్నాడు. నవంబరు 30న రాంచీ వన్డేలో 135 కొట్టాక కోహ్లీనే అడిగితే, ఇకమీదటా ఇంతే, ఒక్క ఫార్మాటే అన్నాడు. ఇంత తేటగా రిజిస్ట్రారాఫీసు దస్తావేజుల్లో కూడా రాయరు.

"అన్నాడులే అన్నా. ఆ గొంతు విన్నావా?" అన్నాడు కుర్రాడు, ముద్ద పప్పులో కందిపొడి కలుపుతూ.

మన పెళ్లిళ్లలో చాలు అనేది ఒక్క మాట కాదు. మొదటి చాలు మర్యాద. రెండో చాలు మొహమాటం. మూడో చాలు ఆకలి. నాలుగోసారి అంటే నిజంగా చాలే, కానీ అప్పటికి అవతలివాడు వడ్డించేసి పక్క ఆకుకి వెళ్లిపోయి ఉంటాడు. బంతిలో కూర్చున్నవాడికైనా బంతి ఎదుర్కొనేవాడికైనా ఇదే న్యాయమని కుర్రాడి వాదన. ఆ లెక్కన మే నెలది ఒక చాలు, రాంచీది ఇంకో చాలు. ఇంకా రెండు బాకీ.

"అయినా 9,230 ఒక అంకేనా?" అన్నాడు బాబాయి. "పదివేలైనా మనవాళ్లకి చెల్లదు. చదివింపుల్లో ఎవడైనా ఉత్త వెయ్యి ఇస్తాడా? వెయ్యినూటపదహార్లు ఇస్తాడు. ఆ అబ్బాయి దిగాల్సింది 10,116 దగ్గర."

లెక్కలొచ్చాయి కదా, బావ తెలుగులోకి దిగాడు. 10,116 కావాలంటే ఇంకా 886. 2020 నుంచి అతని టెస్టు సగటు ముప్పై చిల్లర. ముప్పై ఇన్నింగ్సులు కావాలి, అంటే పదిహేను టెస్టులు. మనవాళ్లు ఆడే తీరు చూస్తే ఏడాదిన్నర, రెండేళ్లు. ఇప్పుడు 37 వచ్చాయి కాబట్టి అప్పటికి 39. "నూటపదహార్ల కోసం ఒక మనిషిని రెండేళ్లు ఆఫ్ స్టంప్ బయట నిలబెడతారా? కడప జిల్లా వడ్డీ కూడా ఇంత దారుణంగా ఉండదు బాబాయ్."

బావ మాటకి విలువుంది, ఎందుకంటే బావ చూశాడు. 2024 అక్టోబరులో న్యూజిలాండ్‌తో చిన్నస్వామి స్టేడియంలో టెస్టు. మొదటి రోజు వాన తినేసింది. రెండో రోజుకి బావ ఆఫీసులో జ్వరమని చెప్పి వెళ్లాడు. సమోసా కొని, వేడిగా ఉందని ఊదుకుంటూ కూర్చున్నాడు. కోహ్లీ మూడో స్థానంలో వచ్చాడు, తొమ్మిది బంతులాడాడు, సున్నాకి వెళ్లాడు. సమోసా ఇంకా చల్లారలేదు. ఇండియా మొత్తం 46కి ఆలౌట్, సొంతగడ్డ మీద ఇంతకంటే తక్కువ ఎప్పుడూ లేదు. సాయంత్రానికి బావకి నిజంగానే జ్వరమొచ్చింది. రెండో ఇన్నింగ్స్‌లో కోహ్లీ 70 కొట్టి, తొమ్మిది వేలు దాటి, మూడో రోజు ఆఖరి బంతికి అవుటయ్యాడు. బెంగళూరులో అతని టెస్టు కథ అంతటితో సరి. తర్వాత ఆస్ట్రేలియా వెళ్లి తొమ్మిది ఇన్నింగ్సుల్లో 190. అందులో పెర్త్ సెంచరీ తీసేస్తే ఏం మిగులుతుందో బావ చెప్పలేదు, అప్పడం విరిచి ఊరుకున్నాడు.

బాబాయి తగ్గలేదు. "మన ఆంధ్రాలో ఉద్యోగుల రిటైర్మెంటు 58 ఉండేది. 2014లో 60 చేశారు. 2022లో 62 చేశారు. గుమాస్తాకే 62 ఇస్తే కోహ్లీకి 37 ఏందిరా? ఇమ్రాన్ ఖాన్ 1987 ప్రపంచకప్పు తర్వాత మానేస్తే, జియా ఉల్ హక్ పిలిచి మళ్లీ ఆడించాడు. 92లో కప్పు తెచ్చాడు, 39 ఏళ్లకి."

"శ్రీనాథ్ సంగతి చెప్పు మరి" అన్నాడు బావ. మైసూరు ఇంజనీరు జవగళ్ శ్రీనాథ్ 2002లో టెస్టులకు దణ్ణం పెడితే గంగూలీ బతిమాలి వెనక్కి తెచ్చుకున్నాడు. 2003 ప్రపంచకప్‌లో 16 వికెట్లు. పునరాగమనం గొప్పదనం చెప్పేవాళ్లు అక్కడికి కథ ఆపేసి చెయ్యి కడుక్కుంటారు. ఫైనల్లో ఆస్ట్రేలియా అతని పది ఓవర్లలో 87 బాదింది, వికెట్టు లేదు. ఆ తర్వాత శ్రీనాథ్‌ని ఎవరూ బతిమాలలేదు.

ఇంతలో కుర్రాడు ఫోనందుకున్నాడు. వాళ్ల పెద్దమ్మ కొడుకు సియాటెల్‌లో ఉన్నాడు, అమెరికా ఫుట్‌బాల్ పిచ్చి. ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు. జట్టంతా వాడి చేతి విసురు మీద బతుకుతుంది. ఇండియానాపొలిస్ జట్టుకి ఉన్న క్వార్టర్‌బ్యాక్‌లందరూ దెబ్బలు తగిలి పడిపోతే, ఆట మానేసి ఐదేళ్లయి బడిపిల్లలకు కోచింగ్ చెప్పుకుంటున్న ఫిలిప్ రివర్స్‌ని పిలిపించారు. వయసు 44. పదిమంది పిల్లలు. ఒక మనవడు. డిసెంబరు 14న సియాటెల్లో దించారు.

"మనవడా!" బాబాయి వెన్ను నిటారుగా అయింది. "గెలిచాడా?"

"18-16తో ఓడారు. ఆఖరిదాకా పోరాడాడంట."

"రెండు పాయింట్లే గదా. అది ఓటమి గాదు."

ఆ దేశంలోనే టామ్ బ్రాడీ 2022 ఫిబ్రవరిలో రిటైరయ్యాడు. అతని 'చివరి' టచ్‌డౌన్ బంతిని ఎవరో ఐదు లక్షల డాలర్లు పైగా పోసి వేలంలో కొన్నారు. మర్నాడే బ్రాడీ తిరిగొస్తున్నానన్నాడు. పాపం, ఆ కొన్నవాడి మొహం నాకు బాగా తెలిసినట్టే ఉంటుంది. రోజూ అద్దంలో చూస్తాను. ఎందుకంటే 2025 మే 17న, కోహ్లీ టెస్టులకు సెలవు చెప్పిన ఐదో రోజున, కబ్బన్ పార్కు పేవ్‌మెంటు మీద వెనకాల 18 అంకె ఉన్న తెల్ల జెర్సీ నేనూ కొన్నాను. టెస్టు దుస్తుల్లో వీడ్కోలు చెబుదామని ఆ రోజు ఐపీఎల్ మ్యాచ్‌కి చిన్నస్వామి నిండా తెల్ల జెర్సీలే. వాన ఆగలేదు. టాస్ కూడా పడలేదు. ఖాళీ మైదానం మీద తెల్లటి పక్షుల గుంపొకటి ఎగిరితే మా పక్కన నలభై ఏళ్ల మగాడొకడు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఇంటికొచ్చి జెర్సీ తడిపితే ఎనిమిది ఊడిపోయి బకెట్లో తేలింది. ఇప్పుడు నా జెర్సీ నంబరు ఒకటి. అది తొడుక్కుని స్కూటరు తుడుస్తుంటాను.

తిరిగిరావడాల్లో మనవాడి రికార్డు ఎవరూ కొట్టలేరని నా అభిప్రాయం. గుంటూరు అంబటి రాయుడు. 2019 ప్రపంచకప్పుకి ఎంపిక చేయలేదని త్రీడీ కళ్లజోడు చురక వేసి, జులైలో రిటైరై, ఆగస్టులో తిరిగొచ్చాడు. 2022 మేలో ఇదే ఆఖరి ఐపీఎల్ అని రాసి, చెరిపేశాడు. 2023 మే 28న మళ్లీ ప్రకటిస్తూ ఈసారి యూటర్న్ లేదని తనే రాశాడు. ఆ డిసెంబరు 28న, అంటే మా సభకి సరిగ్గా రెండేళ్ల ముందు, ఒక పార్టీలో చేరి, పది రోజులు తిరక్కుండానే బయటికొచ్చాడు. నేను తప్పు పట్టను. ఔటర్ రింగ్ రోడ్డు మీద బతికేవాడెవడూ యూటర్న్‌ని తప్పు పట్టకూడదు. ఈ మెస్సు మా ఇంటికి ఎదురుగానే కనిపిస్తుంది, చేరడానికి కిలోమీటరున్నర ముందుకెళ్లి తిరగాలి.

కుర్రాడి చేతిలో ఇంకో తురుపుముక్క ఉంది: డివిలియర్స్. 2018 మేలో అలసిపోయానన్నాడు, 2021 నవంబరులో అన్ని ఆటలూ మానేశాడు. ఇప్పటికీ బెంగళూరు అతను టాయ్‌లెట్‌కి వెళ్లాడన్నట్టే ఎదురుచూస్తుంది. 41 ఏళ్ల వయసులో మొన్న ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో 60 బంతుల్లో 120 కొట్టాడు చూశావా అన్నాడు కుర్రాడు. అది రిటైరైనవాళ్ల టోర్నీ, బౌలర్లకి కూడా మోకాలి నొప్పులే, అన్నాడు బావ. ఇది కన్నడంలో అన్నాడు.

సరే, అసలు ఆ వారం సభ ఎందుకు పెట్టామో చెప్పలేదు. డిసెంబరు 24న కోహ్లీ బెంగళూరులోనే ఆడాడు. విజయ్ హజారే ట్రోఫీలో, ఢిల్లీ తరఫున, ఆంధ్రా మీద. 101 బంతుల్లో 131. రెండు రోజుల తర్వాత గుజరాత్ మీద 77. 'ఇంకా అరిగిపోలేదు' అనడానికి మా కుర్రాడి ఆధారం ఇదే. స్కోరు చెబుతుంటే వాడి కళ్లు చెమర్చాయి. నేను అడిగాను: "ఆ మ్యాచ్‌లో సెంచరీ ఇంకొకరు కూడా కొట్టారు. ఎవరు?"

కుర్రాడు సాంబారులోకి చూశాడు. బావ కిటికీలోంచి చూశాడు.

రికీ భుయ్. 122. ఆంధ్రా బ్యాటరు. ఆంధ్రా 298 చేస్తే అందులో నూట ఇరవై రెండు అతనివే. ఆంధ్రా మెస్సులో, గోంగూర నంజుకుంటూ, ఆంధ్రా బౌలర్లని ఢిల్లీవాడు ఉతికినందుకు నలుగురు తెలుగువాళ్లం పండగ చేసుకుంటున్నాం. మన పిల్లలు నాలుగు వికెట్ల తేడాతో ఓడిపోయారన్న సంగతి ఆ బల్ల దగ్గర మొదటిసారి వినబడింది. భుయ్ ఇంకా రిటైర్ కాలేదు, అదే అతని సమస్య. ఆడుతున్నవాణ్ణి ఎవరు రమ్మంటారు?

ఆ ఆట మేం చూడలేదు కూడా. ఎవరూ చూడలేదు. చిన్నస్వామిలో జరగాల్సింది, అనుమతి రాక విమానాశ్రయం వైపున్న బోర్డు వారి సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కి మార్చి, జనాన్ని రానివ్వకుండా ఆడించారు. ఎందుకో అందరికీ తెలుసు. జూన్ 3న పద్దెనిమిదేళ్ల తర్వాత ఆర్సీబీ ఐపీఎల్ కప్పు గెలిచింది. జూన్ 4న ఆ కప్పు చూడ్డానికి స్టేడియం గేట్ల దగ్గరికి వెళ్లినవాళ్లలో 11 మంది తిరిగి రాలేదు. ఆ తర్వాత మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా ఈ ఊరు దాటి వెళ్లిపోయాయి. ఈ మాట వచ్చినప్పుడు బల్ల దగ్గర ఎవరూ ఏమీ అనలేదు. కుర్రాడు ఆ రోజు కబ్బన్ పార్కు మెట్రో దాకా వెళ్లి, రద్దీ చూసి వెనక్కి తిరిగినవాడు.

మళ్లీ నవ్వు తెచ్చింది బాబాయే. కోహ్లీ టెస్టులెందుకు మానేశాడో తనకి తెలుసన్నాడు. లండన్లో అతనే చెప్పాడట: నాలుగు రోజులకోసారి గడ్డానికి రంగు వేసుకోవాల్సి వస్తే టైమైపోయినట్టేనని. "టెస్టు మ్యాచ్ ఐదు రోజులు గదా. ఐదో రోజుకి తెల్లగడ్డం బయటపడుతుంది. వన్డేకి ఆ ఇబ్బంది లేదు."

ఆ మాట అంటున్న బాబాయి చెవి వెనకాల, జుట్టు మొదలయ్యే చోట, నల్లటి మరక రూపాయి బిళ్లంత. పొద్దున్నే వేసుకున్నట్టున్నాడు. చూడనట్టు నటించాం.

"మీరు వీఆర్ఎస్ తీసుకున్నప్పుడు మీ బ్రాంచివాళ్లు ఉండమన్నారా బాబాయ్?" కుర్రాడు ఊరికే అడిగాడు.

"మేనేజరు శాలువా కప్పాడు. వారం తర్వాత లాకరు తాళాల గురించి ఒకసారి ఫోన్ చేశారు" అన్నాడు బాబాయి. "స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారయినాను. ఫోన్లోనే చెప్పేయండి సార్, రానక్కర్లేదు అన్నారు."

పెరుగు వచ్చింది. వడ్డించే అన్న గరిటె ముంచి కుర్రాడి ఆకులో కుమ్మరించాడు. వాడు రెండు చేతులూ అడ్డం పెట్టినా వినలేదు. బావ లేచి నిలబడినా వినలేదు. నా బీపీ సంగతి చెప్పినా వినలేదు. బాబాయి ఆకు మీద అరచెయ్యి పెట్టి, తల కొంచెం పక్కకి తిప్పి, "చాలు నాయనా" అన్నాడు. అన్న ఆ చేతి వంక చూశాడు, చెవి వెనక మరక వంక చూశాడు, బక్కెట్టు ఎత్తుకుని పక్క బల్లకి వెళ్లిపోయాడు.

"ఏమన్నా, బాబాయికి వెయ్యలేదే?" అని పిలిచాను.

"పెద్దోళ్లని బలవంతం సెయ్యకూడదు బాబూ" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే.

బాబాయి చెయ్యి ఇంకా ఆకు మీదే ఉంది. కాసేపయ్యాక మెల్లగా తీశాడు.