బరువు బాధ్యతలు

ఆడవాళ్లని వయసు అడక్కూడదని మా ఆయనకి తెలుసు. బరువు కూడా అడక్కూడదన్న సంగతి మాత్రం పైలట్ లైసెన్సు వచ్చాక మర్చిపోయారు.

మేం ఉండేది డాలస్‌లో. ఆయన ఫ్లయింగ్ క్లబ్బులో అద్దెకి తెచ్చేది సెస్నా 172. 1955లో తొలిసారి ఎగిరిన రకం, ఇప్పటికి 44,000కి పైగా తయారయ్యాయి. సీట్లు నాలుగున్నాయి కదా అని నలుగురు నిండు మనుషులు ఎక్కేస్తామంటే కుదరదు. క్లబ్బు విమానం అంతా కలిపి 2,550 పౌండ్లు దాటకూడదు. ఉత్త విమానమే 1,700 దాకా తూగుతుంది. ట్యాంకులు నింపితే పెట్రోలు ఇంకో 318. మిగిలినదాంట్లో ఆయనా, నేనూ, బుజ్జీ, మా లాబ్రడార్ బ్రూనో, సంచులూ ఇమడాలి.

అందుకని ప్రయాణం ముందురోజు రాత్రి హాల్లో తూకం వెలుస్తుంది. బ్రూనో దానంతటది నిలబడదు. ఆయన దాన్ని ఎత్తుకుని ఒకసారి, వట్టి చేతుల్తో ఒకసారి ఎక్కి తీసివేత చెయ్యాలి. ఆ లెక్క రాసుకున్న బుజ్జి, పైలట్ లైసెన్సు మీద అచ్చయిన నాన్న బరువుకీ దీనికీ చాలా తేడా ఉందని ప్రకటించింది. నేను నా అంకె కాగితం మీద రాసి, మడిచి ఇచ్చాను. ఆయన చదువుకున్నారు. ఒక్క మాటా అనకుండా సంచిలోంచి ఆవకాయ జాడీ తీసి పక్కన పెట్టారు. దానికన్నా తిట్టినా బాగుండేది.

తెనాలి నుంచి అత్తయ్యగారి ఫోను.

"గాల్లో పెట్రోలు అయిపోతే ఎక్కడ ఆపుతావురా?"

"అయిపోదమ్మా. దిగేసరికి ఇంకో అరగంటకి సరిపడా మిగిలేలా చూసుకునే బయల్దేరాలని రూలు."

"మీ నాన్న స్కూటరుకీ రిజర్వు ఉండేది. ఎన్నిసార్లు తోసుకొచ్చారో నాకు తెలుసు."

ఇంజను మొదలవగానే చెవులకి తొడుగులు పెట్టుకుని బ్రూనో పడుకుంటుంది. ప్రయాణికులంటే అలా ఉండాలి. బుజ్జికి మాత్రం సరిగ్గా కంట్రోలర్ మాట్లాడుతున్నప్పుడే నాన్నతో పని పడుతుంది. ప్యానెల్ మీద ఓ మీట ఉంది, నొక్కితే పైలట్‌కి రేడియో తప్ప మా మాటలు వినబడవు. అది నొక్కేటప్పుడు ఆయన ముఖంలో వెలుగు చూడాలి. ఇంటికి అలాంటిది దొరుకుతుందేమోనని వాకబు చేస్తున్నారని నా అనుమానం.

6,500 అడుగుల ఎత్తులో గాలి పల్చబడి మురుకుల ప్యాకెట్ పూరీలా పొంగింది. బుజ్జి దాన్ని ఠప్పున పేల్చింది. ఆయన మీటర్లన్నీ వరసగా చూశారు, నేను దేవుళ్లందర్నీ వరసగా తలుచుకున్నాను. బ్రూనో మురుకుల కోసం లేచింది.

శాన్ ఆంటోనియో ఇంకా సగం దూరం ఉండగా బుజ్జి చిటికెనవేలు చూపించింది. ఇందులో బాత్రూం లేదు. కింద ఓ చిన్న రన్‌వే కనబడుతూనే ఉంది, కానీ పిల్ల చెవులు నొప్పెట్టకుండా నిమిషానికి 500 అడుగుల చొప్పునే దిగాలి. అంటే 12 నిమిషాలు. ఆ పన్నెండూ బుజ్జి కాళ్లు ముడుచుకుని పన్నెండో ఎక్కం అప్పజెప్పింది, తడబడకుండా.

దిగాం. ఆవరణలో పురుగు లేదు. గది తలుపుకి అంకెల తాళం. అక్కడి రేడియో ఫ్రీక్వెన్సీ అంకెలే కోడ్‌గా పెట్టడం ఇలాంటి చోట్ల మామూలేనట. ఆయన నొక్కారు, తెరుచుకుంది, బుజ్జి దూసుకుపోయింది.

బ్రూనోకి ఏ కోడూ అక్కర్లేకపోయింది. క్లబ్బు విమానం ముందు చక్రం సరిపోయింది.