రక్తపరీక్ష రిపోర్టును గెలవడం ఎలా?

చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకు కొనేవాడు దాని మీద నీళ్లు చల్లి, వెంట్రుక మందం పగులు కోసం కళ్లు చికిలించి వెతుకుతాడు. న్యాయమే. ఆ రాయి ఓడెక్కి దేశాలు దాటాలి. మనం ఎక్కడికి పోతాం? మహా అయితే ఒంగోలు, అదీ 108లో. మన లోపలి పగుళ్లు వెతికే పరీక్షలను ఇలా దాటేయండి.

1. పరీక్షకు ముందు మూడు రోజులు బిర్యానీ మానండి. ట్రైగ్లిజరైడ్లు కాస్త దిగొస్తాయి. హెచ్‌బీఏ1సీ మాత్రం రాయించుకోకండి. రెండు మూడు నెలల షుగరు బండారమంతా బయటపెడుతుంది.

2. ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 70 కన్నా తక్కువే ఉండాలంటారు డాక్టర్లు. మీరు రిపోర్టు పక్కగడిలో అచ్చేసిన ‘100 లోపు’నే నమ్మండి. అచ్చులో ఉన్నది అబద్ధమా?

3. నాన్న యాభై నిండకుండానే గుండెపోటుతో పోయారా? దిష్టి ఖాతాలో రాయండి. గుండెముప్పు పెంచే లైపోప్రొటీన్ (ఎ) అనే కొవ్వుకణం చాలావరకు పుట్టుకతో వచ్చేదే కాబట్టి, జీవితంలో ఒక్కసారి చూపించుకుంటే దాదాపు సరిపోతుంది. పొలం పంపకాల్లో సెంటు కూడా వదలొద్దు గానీ, ఈ వారసత్వం లెక్క మాత్రం అడగొద్దు.

4. అమెరికాలో 27,939 మంది ఆరోగ్యంగా ఉన్న ఆడవాళ్ల రక్తంలో ఎల్‌డీఎల్, లైపోప్రొటీన్ (ఎ), వాపును పట్టిచ్చే సీఆర్‌పీ ఒక్కసారి కొలిచారు. ముప్పై ఏళ్లు గమనించి, గుండెముప్పు ముందే తెలిసిపోతుందని 2024లో తేల్చారు. తేలిస్తే తేల్చనీండి. మిరపకోతకు పోయే మీ ఆవిడకు ఆయాసమొస్తే అది గ్యాసే.

5. మాత్రలతో ఎల్‌డీఎల్ దిగగానే మాత్రలు ఆపేయండి. ‘అడుగు కనబడిందని క్వారీలో నీళ్లు తోడే మోటారు అమ్మేస్తావా అన్నా?’ అని ఎవడైనా అడిగితే మాట మార్చి క్వారీ రాయల్టీ సంగతి ఎత్తండి.

6. ఛాతీ పట్టేసిందా? గోలీసోడా తాగి పడుకోండి. బలవంతాన ఆసుపత్రికి లాక్కెళ్తే, మొదటి ట్రోపోనిన్ మామూలుగా ఉందనగానే లేచి వచ్చేయండి. గుండె కండరం దెబ్బతిన్నాక అది రక్తంలో పెరగడానికి గంటలు పడుతుందని, మళ్లీ రక్తం తీయాలని అంటారు. అంతా బిల్లు కోసమే!

ఇవన్నీ తప్పకుండా పాటించండి. మీ పేరు చెక్కే రాయి గురించి దిగులొద్దు. నీళ్లు చల్లి చూసి, పగులు లేనిదే ఏరి తెస్తాం.