కొత్త మొహం వచ్చిన రోజే పాత మొహాన్ని మరిచిపోండి

మీ పిల్లలు ప్రాణం పెట్టి చూసే సూపర్‌హీరో సీరియల్ ఆగిపోయింది. కొన్నాళ్లకు మళ్లీ వస్తోందని ప్రకటన వేశారు. తీరా చూస్తే పాత జట్టులో సగంమంది లేరు. ఇలాంటప్పుడు తెలిసినవాళ్లంతా మూడు సలహాలిస్తారు. పాత ఎపిసోడ్లు ఒకసారి తిరగేయమంటారు. పిల్లలకు ముందే చెప్పి మనసు గట్టి చేయమంటారు. కొత్తవాళ్లు కుదురుకునేదాకా ఓపిక పట్టమంటారు. ఈ మూడూ వినకండి. పాత ఎపిసోడ్లు ముట్టుకోకండి. పిల్లలకు ఒక్క ముక్క చెప్పకండి. కొత్తవాళ్లను మొదటి రోజే నెత్తిన పెట్టుకోండి. వీలైతే మొదటి ఎపిసోడ్ కూడా వదిలేసి రెండోదాన్నుంచి చూపించండి.

ఈ సంగతి తేల్చడానికి తెలుగు పిల్లలకు పవర్ రేంజర్స్‌ను మించిన సాక్ష్యం లేదు. 2004 చివర్లో టూన్ డిస్నీ ఛానల్ మన దేశంలో అడుగుపెట్టినప్పుడే తెలుగు మాటతో వచ్చింది. అందులో జెటిక్స్ పేరుతో వేసిన పవర్ రేంజర్స్ కోసం బడి నుంచి ఉరుక్కుంటూ వచ్చి, బూట్లైనా విప్పకుండా టీవీ ముందు కూలబడ్డ పిల్లలు ఇవాళ ఉద్యోగాలు చేసుకుంటున్నారు. డైనో థండర్, ఎస్పీడీ, మిస్టిక్ ఫోర్స్... పేరు మారినప్పుడల్లా జట్టు మొత్తం మారిపోయేది. ఎర్ర డ్రెస్సు ఉండేది, అందులో మనిషి వేరే. అన్నం మానేసిన పిల్లాణ్ని ఎవరైనా చూశారా? గల్లీలో మర్నాటి ఆటకు కొత్త పేర్లు వచ్చేసేవి, అంతే. బాధపడేదల్లా పెద్దవాళ్లే, అదీ పెద్దయ్యాక.

కాబట్టి మొదటి సలహా: పిల్లలకు మొహాన్ని చూడటం నేర్పకండి, డ్రెస్సును చూడనివ్వండి. దీనికి గట్టి కారణముంది. 1993 ఆగస్టులో అమెరికాలో ఈ సీరియల్ మొదలైనప్పుడు అందులోని ఫైట్లు చాలావరకు జపాన్‌వి. అంతకు ముందు ఏడాది అక్కడ వచ్చిన జ్యూరేంజర్ అనే సీరియల్ నుంచి హెల్మెట్లు పెట్టుకున్న పోరాటాలు తీసుకున్నారు. హెల్మెట్ లేని సీన్లు మాత్రం అమెరికా కుర్రాళ్లతో తీసి మధ్యమధ్యలో అతికించారు. అంటే రాక్షసులతో కలబడిన ఒళ్లు ఒకరిది, బడిలో నవ్విన మొహం ఇంకొకరిది. ఈసారి పాత ఎపిసోడ్ ఏదైనా కనిపిస్తే అమ్మాయిల డ్రెస్సులు జాగ్రత్తగా గమనించండి. గులాబీ రేంజర్‌కు చిన్న స్కర్టు ఉంటుంది, పసుపు రేంజర్‌కు ఉండదు. జపాన్‌లో పసుపు రేంజర్ మగపిల్లాడు. అమెరికాలో ఆ పాత్రను ట్రినీ అనే అమ్మాయికిచ్చారు, ఫైట్లలో డ్రెస్సు మాత్రం ఆ అబ్బాయిదే మిగిలింది. అంత తేడా కళ్లముందే ఉన్నా ఏ పిల్లా అడ్డం తిరగలేదు. మొదటి రోజు నుంచే ఒక్కో వీరుడు ఇద్దరు మనుషులైన సీరియల్‌లో, మూడో మనిషి వచ్చాడని గోల చేయడం దేనికి?

రెండో సలహా మీద నాతో చాలామంది గొడవపడతారు. నటులు ఎందుకు వెళ్లిపోయారో పెద్దవాళ్లు తప్పకుండా తెలుసుకోవాలి, పిల్లలకు మాత్రం చెప్పకూడదు. 1994లో రెండో సీజన్ నడుస్తుండగా జేసన్‌గా వేసిన ఆస్టిన్ సెయింట్ జాన్, ట్రినీగా వేసిన థుయ్ ట్రాంగ్, జాక్‌గా వేసిన వాల్టర్ జోన్స్ ముగ్గురూ తప్పుకున్నారు. ప్రపంచమంతా బొమ్మలు, టీషర్టులు అమ్ముడుపోతుంటే తమ చేతికి వచ్చేది చాలా తక్కువని, పెంచమని వాళ్లు అడిగారు, కుదరలేదు. అడగడం న్యాయం. కష్టపడ్డవాడు కూలి అడిగితే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. అయితే ఆ సీరియల్ తన పిల్లలకు ఏం చెప్పింది? ఆ ముగ్గుర్నీ శాంతి సమావేశానికి ఎంపిక చేసి స్విట్జర్లాండ్ పంపించారని చెప్పింది. వాళ్ల శక్తులు రాకీ, ఆడమ్, ఆయిషా అనే ముగ్గురికి అప్పగించింది. జీతాల తగాదాను శాంతి సమావేశంగా మార్చిన ఆ అబద్ధాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. మీ పిల్ల “ఆ అన్న ఏడి?” అని అడిగితే ఫోన్ తీసి వెతకకండి. సీరియల్ ఏం చెప్పిందో అదే చెప్పండి. స్విట్జర్లాండ్ పోయాడంటే పోయాడు. ఏడేళ్ల పిల్లకు కాంట్రాక్టులు, రెమ్యూనరేషన్లు విప్పి చెప్పడం నిజాయితీ అనుకునేవాళ్లు ఆ పిల్ల నుంచి ఒక లోకాన్ని లాక్కుంటున్నారు.

మొహానికి అతుక్కుపోయే ఈ అలవాటు మన పూర్వీకులకు లేదు. పద్యనాటకాల కాలంలో ఒకే రాత్రి, ఒకే స్టేజీ మీద ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగేవారు. పడకసీనుకు ఒక కృష్ణుడు, రాయబారం సీనుకు ఇంకో కృష్ణుడు. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుణ్ని, షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుణ్ని జనం గుండెల్లో పెట్టుకున్నారు. ఒకరిని మెచ్చుకున్నందుకు రెండోవారిని తక్కువ చేయలేదు. తెర పడి లేచేసరికి మనిషి మారినా, నెమలి పింఛం అదే కాబట్టి కృష్ణుడే. “ముందాయన ఏమయ్యాడు?” అని లేచి అడిగినవాణ్ని పక్కవాళ్లే కూర్చోబెట్టి ఉంటారు.

హైదరాబాద్ నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో సురభి నాటకాలు చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుసు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలు నూరేళ్లకు పైగా చేస్తున్న పని ఇదే. ఇంట్లో చిన్నపిల్ల ప్రహ్లాదుడుగానో లోహితాస్యుడుగానో స్టేజీ ఎక్కుతుంది. ఎత్తు పెరగ్గానే ఆ వేషం చెల్లికో తమ్ముడికో వెళ్లిపోతుంది, పెద్దది ఇంకో పాత్రలోకి జరుగుతుంది. ప్రహ్లాదుడు మాత్రం ఎప్పుడూ పిల్లవాడే. టీనేజీ సూపర్‌హీరో సీరియల్‌కు ఇంతకన్నా మంచి పద్ధతి ఉందా? పదహారేళ్ల వీరుడి పాత్రను ముప్పయ్యేళ్లొచ్చేదాకా ఒకడితోనే లాగిస్తే చివరికి మీసం గీసుకున్న మామయ్య స్కూలు బ్యాగు మోస్తుంటాడు. నిర్మాతలకు నా సలహా: కుర్రాడికి మీసం రాగానే మార్చేయండి, వివరణ ఇవ్వకండి. నటించే పిల్లలకు నా సలహా: రెండేళ్లు చేసి చదువుకు వెళ్లిపోండి, వెనక్కి చూడకండి.

మొహానికి అతుక్కుపోయే ఈ జబ్బును మనకు పట్టించింది సినిమా. 1957లో మాయాబజార్ వచ్చాక కృష్ణుడంటే ఎన్టీ రామారావు మొహమే అయిపోయింది. ఆయన గొప్పతనాన్ని ఎవరూ కాదనలేరు, అబిడ్స్‌లో ఆయన కట్టించిన రామకృష్ణ థియేటర్‌లో సినిమాలు చూసి పెరిగిన ఊరిది. కానీ ఆ ఒక్క మొహం ముందు స్టేజీ మీది పదిమంది కృష్ణులు మసకబారిపోయారు. పిల్లల సీరియళ్లకైనా ఆ గతి పట్టకుండా చూద్దాం.

ఇక అసలు చిట్కా. సిరీస్ మొదటినుంచి చూపించకండి. మధ్యలోంచి మొదలుపెట్టండి. ఆదివారం పొద్దున కోఠిలో బస్సు దిగి అబిడ్స్ దాకా నడవండి. మిగతా వారమంతా తెరిచి ఉండే దుకాణాలకు ఆ రోజు షట్టర్లు పడి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరుస్తారు. ఇంజినీరింగ్ గైడ్ల పక్కన అట్టలు ఊడిన కామిక్స్, వాటి కింద అప్పుడప్పుడు పాత సీడీలు కూడా దొరుకుతాయి. అక్కడ ఒక తండ్రీ కొడుకుల బేరం విన్నాను. పిల్లాడి చేతిలో ముసుగు వీరుల బొమ్మ ఉన్న డిస్కు. కవరు పగిలింది, లోపలి కాగితం ఎండకు వెలిసి ఎర్ర డ్రెస్సు నారింజ రంగుకు తిరిగింది. తండ్రి అడిగాడు:

“దీని మొదటి పార్ట్ ఉందా అన్నా?”

“మొదటిదేదో ఆఖరిదేదో మాకెట్ల తెలుస్తది సార్? బాబు పట్టుకున్నడు కదా, తీస్కపోండి.”

“కథ అర్థం కావాలి కదా.”

“చూస్తే అదే అర్థమైతది.”

తండ్రి డిస్కు కింద పెట్టేసి, పిల్లాడి చెయ్యి పట్టుకుని ముందుకు నడిచాడు. పిల్లాడు మాత్రం తల తిప్పి దాన్నే చూస్తూ పోయాడు. ఆ తండ్రి చేసింది తప్పు, అమ్మే అతను చెప్పిందే నిజం. మధ్యలోంచి చూసే పిల్లకు పాతవాడు, కొత్తవాడు అనే తేడా ఉండదు. తెర మీద ఎవడుంటే వాడే వీరుడు. ముందేం జరిగిందో తనే ఊహించుకుంటుంది, ఆ ఊహ తీసినదానికన్నా బాగుంటుంది. ఇదే ఫుట్‌పాత్ మీద చందమామ విడి సంచికలు కొనుక్కుని, దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లను తలా తోకా లేకుండా చదివినవాళ్లు ఈ ఊళ్లో ఎంతోమంది ఉన్నారు. వాళ్లెవరూ ఆ మాంత్రికుల్ని, రాకుమారుల్ని మరిచిపోలేదు. క్రమంలో చదివినవాళ్లకన్నా గట్టిగా గుర్తుపెట్టుకున్నారని నా నమ్మకం.

తెలుగులో దొరికితే తెలుగులోనే చూపించండి. డబ్బింగ్‌లో పెదవులు మాటకు కలవవని ముక్కు విరిచేవాళ్లుంటారు. కలవకపోవడమే మేలు. పెదవులు ఎటో, మాట ఎటో పోతుంటే పిల్ల మొహాన్ని పట్టించుకోవడం మానేసి మాట వింటుంది. మాట ఇంటి భాషలో ఉంది కాబట్టి ఎర్ర డ్రెస్సులో ఎవరు దూరినా మన గల్లీవాడే అవుతాడు.

మనవైపు ఉదాహరణలు చాలానే ఉన్నాయి. 1997లో దూరదర్శన్‌లో శక్తిమాన్ మొదలైనప్పుడు గీతా విశ్వాస్‌గా కిటూ గిద్వానీ వేసింది, తర్వాత వైష్ణవి మహంత్ వచ్చింది. ఇవాళ గీత అనగానే జనానికి గుర్తొచ్చేది రెండో ఆవిడే. షకలక బూమ్ బూమ్ 2000లో దూరదర్శన్‌లో వచ్చినప్పుడు మాయ పెన్సిల్ విశాల్ సోలంకీ చేతిలో ఉంది. స్టార్ ప్లస్‌కు మారాక అది కిన్షుక్ వైద్య చేతికొచ్చింది, పిల్లలు పెన్సిల్ వెంట వెళ్లారు. అందులో కరుణగా కనిపించిన హన్సికే 2007లో దేశముదురుతో మన హీరోయిన్ అయింది. పెద్దవాళ్లు చూసేదాంట్లోనూ అంతే. జెమినిలో వచ్చిన అమృతంలో అమృతరావుగా శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు. ఆదివారం రాత్రి నవ్వులు మాత్రం ఆగలేదు.

పాతవాడు తిరిగొస్తే ఏం చేయాలన్నది కష్టమైన ప్రశ్న. డైనో థండర్‌లో టామీ ఆలివర్‌గా జేసన్ డేవిడ్ ఫ్రాంక్ మళ్లీ వచ్చాడు, ఈసారి పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టారుగా. మన పిల్లలు చాలామంది ఆయన్ను మొదటిసారి చూసింది అక్కడే. వాళ్లకు ఆయన కొత్త మనిషి, నల్ల డ్రెస్సు వేసుకున్న సారు. అలాగే ఉండనివ్వాల్సింది. “ఈయన ఒకప్పుడు ఆకుపచ్చ రేంజర్, తర్వాత తెల్ల రేంజర్” అని పక్కన కూర్చుని చెప్పే అన్నయ్యలను దయచేసి వేరే గదికి పంపండి.

మనుషులు పోయినప్పటి సంగతి వేరు, అక్కడ నాకూ గొంతు పట్టేస్తుంది. ట్రినీగా వేసిన థుయ్ ట్రాంగ్ 2001లో కారు ప్రమాదంలో చనిపోయింది. ఫ్రాంక్ 2022 నవంబరులో పోయాడు. ముప్పయ్యేళ్ల సందర్భంగా 2023 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ప్రత్యేక చిత్రాన్ని వాళ్లిద్దరికీ అంకితమిచ్చారు. 1994లో వెళ్లిపోయిన వాల్టర్ జోన్స్ అందులో మళ్లీ జాక్‌గా వచ్చాడు. కథలో ట్రినీ చనిపోతుంది, ఆమె కూతురు మిన్ చివరికి పసుపు డ్రెస్సు వేసుకుంటుంది. పెద్దవాళ్లు దాన్ని పిల్లలు నిద్రపోయాక చూసి, ఏడవాల్సింది అప్పుడే ఏడ్చేయండి. మర్నాడు పిల్లలకు మిన్‌ను చూపించండి. వాళ్లకు పసుపు రేంజర్ అంటే మిన్ మాత్రమే కావాలి.

ఇంట్లో ముసుగు కొనేటప్పుడు కూడా ఒకటే కొనండి. జనవరిలో నాంపల్లి నుమాయిష్‌కు వెళ్తే పిల్లలు తలా ఒకటి కావాలని మారాం చేస్తారు, లొంగకండి. ఇద్దరు పిల్లలుంటే ఒక ఎర్ర ముసుగు చాలు. సోమవారం అక్క వీరురాలు, మంగళవారం తమ్ముడు వీరుడు. పక్కింటి పిల్ల వస్తే బుధవారం ఆమెది. కొట్టుకుంటే కొట్టుకోనివ్వండి. వారం తిరిగేసరికి ముసుగు ఎవరి సొంతమూ కాదని వాళ్లకే తెలుస్తుంది. ఆ తర్వాత ఏ సీరియల్‌లో ఎవరు మారినా ఆ ఇంట్లో ఎవరూ కంగారుపడరు.

కొత్త జట్టుతో మీ సీరియల్ వచ్చే వారమే మొదలవుతుంటే ఇప్పుడే నిర్ణయించుకోండి. మొదటి ఎపిసోడ్ రోజున పిల్లల్ని బయట ఆడుకోడానికి పంపండి. రెండో ఎపిసోడ్‌కు టీవీ ముందు కూర్చోబెట్టి, కొత్త కుర్రాడు తెర మీదికి రాగానే అందరికన్నా ముందు మీరు చప్పట్లు కొట్టండి.